కచేరీకి బొట్టు పిలుపు

మా పాటలకు అభిమానులు ఉన్నారని మా ఆయనకు గట్టి నమ్మకం. వాళ్ళు ఎక్కడున్నారన్నదే తెలియదు.

మాది రాయ్‌పూర్‌లో గుఢియారీ. పట్టాలకు దగ్గరి ఇల్లు కాబట్టి మా ఇంట్లో ఎవరైనా మాట మధ్యలో ఆగిపోతే అలిగారని కాదు, గూడ్సు బండి వెళ్తోందని అర్థం. మామయ్య శ్రీకాకుళం వైపు నుంచి గార్డు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే రిటైరయ్యారు. మా ఆయన ధర్సీవా దారిలో ఒక ఉక్కు ఫ్యాక్టరీలో స్టోర్సు చూస్తారు. నేను దేవేంద్ర నగర్‌లో ఒక పళ్ళ డాక్టరు దగ్గర కూర్చుని, ఎవరి పన్ను ఎప్పుడు పీకుతారో ఫోన్లో చెబుతుంటాను. సాయంత్రాలు ఆయన గిటారు వాయిస్తే నేను పాడతాను. పాటలు మేం కట్టుకున్నవే, మా ఇంటి భాషలోనే. కట్టిన ప్రతిదీ రికార్డు చేసి, ఎవరైనా ఫోన్లో వింటారని ఇంటర్నెట్‌లో పెడతాం. సగం సిక్కోలు తెలుగు, సగం హిందీ. మే నెలలో కూలర్‌లో నీళ్ళయిపోవడం మీద ఒక పాట ఉంది. పెళ్ళిచూపుల్లో సమోసా చల్లారిపోవడం మీద ఒకటి ఉంది. అది మా సొంత అనుభవమే.

ఈ పాటలు పాడమని మమ్మల్ని ఎవరూ అడగరు. వినాయక మంటపాల్లో, అపార్టుమెంటు వార్షికోత్సవాల్లో మమ్మల్ని పిలిచేది ముఖ్య అతిథి వచ్చేలోపు జనం లేచి వెళ్ళిపోకుండా సినిమా పాటలు పాడటానికి. ఎప్పుడైనా ధైర్యం చేసి మా సొంత పాట ఎత్తుకుంటే, సరిగ్గా అప్పుడే ముఖ్య అతిథి వచ్చేస్తాడు. ఆ మనిషి ట్రాఫిక్‌లో ఇరుక్కుపోవాలని నేను దేవుడికి మొక్కుకున్న రోజులున్నాయి.

ఇలా ఉండగా పెళ్ళి రిసెప్షన్లకు ఆర్కెస్ట్రా నడిపే ఒకాయన మా ఆయనను తన దగ్గర చేరిపొమ్మన్నాడు. సీజనంతా రోజూ ప్రోగ్రాములే. ఫ్యాక్టరీ పోగా, ఆర్కెస్ట్రా పోగా ఈయనకు నిద్రపోవడానికే టైముండదు, ఇక మా పాటలేం కడతారు? నాకు ఒళ్ళు మండి వద్దన్నాను. ఆయన రెండు రోజులు గిటారు తీగలు తుడుస్తూ కూర్చుని చివరికి ఒక మాట చెప్పారు.

"చూడు, సీధా మాట. ఒక్క కచేరీ పూర్తిగా మన పాటలతో పెడదాం. హాలు నిండిందా, ఆర్కెస్ట్రాకి రానని చెప్పేస్తాను. నిండలేదనుకో, విననివాళ్ళ కోసం కట్టి ఏం ఫాయిదా? నేను వెళ్ళి సినిమా పాటలే వాయించుకుంటాను. నువ్వు మళ్ళీ గొడవ పెట్టకూడదు."

సరే అన్నాను. అన్నానే గాని ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. గొంతు నాదైనా పాట మాత్రం ఆయన లేకపోతే పుట్టదు. హాలు నిండకపోతే నా నోటికి తాళం పడ్డట్టే.

ఇక ఆయన ఫోన్లో ఒక మేధావి వీడియోలు చూడటం మొదలుపెట్టారు. సొంతంగా పాటలు చేసుకునేవాళ్ళు వ్యాపారంలో దేనికి పెద్దపీట వేయాలో ఆ మేధావి చెబుతాడు. వెనక గోడకు వరసగా గిటార్లు వేలాడుతుంటాయి గాని ఒక్కటీ ముట్టుకోడు. కంపెనీలను నమ్ముకోకండి, మధ్యవర్తులను నమ్ముకోకండి, మీ శ్రోతతో మీరే నేరుగా సంబంధం పెట్టుకోండి, ఒక్కొక్కరినీ వ్యక్తిగతంగా ఆహ్వానించండి, ఇదీ అతని మాటల సారాంశం. మా ఆయన అన్నం తింటూ విన్నారు, స్నానానికి వెళ్తూ విన్నారు, చివరికి నాతో మాట్లాడేటప్పుడు కూడా ఆ మేధావి లాగా చేతులు తిప్పడం మొదలుపెట్టారు. ఉప్పు అందించమనడానికి కూడా చేతులు తిప్పితే ఎవరికి మాత్రం చిర్రెత్తదు?

ముందు రిహార్సల్ లాగా మా మేడ మీద చిన్న కచేరీ పెట్టాం. మా పాట ఏనాడైనా బాగుందన్న ప్రతివాళ్ళకీ ఆయన వాట్సాప్‌లో విడివిడిగా, పేరుపేరునా ఆహ్వానం పంపారు. జవాబులు వెల్లువలా వచ్చాయి. దండాలు వచ్చాయి, పువ్వులు వచ్చాయి, బొటనవేళ్ళు వచ్చాయి. మనుషులు రాలేదు. మామయ్య ఒక్కరే కుర్చీలో కూర్చుని మొదటి పాటకే గురక పెట్టారు.

మర్నాడు చిక్కుళ్ళు వలుస్తూ అత్తయ్య తీర్పు చెప్పింది.

"పోనులో మెసేజీ కొట్టి రమ్మంటే ఎవులొస్తారు? మనిసిని పిలవడమంటే గడప తొక్కాల. బొట్టెట్టాల. తప్పకుండా రావాల అని రెండుసార్లు అనాల. ఒక్కసారి అంటే మొహమాటానికి అన్నారనుకుంటారు."

"అమ్మా, అది పెళ్ళికి. ఇది కచేరీ," అన్నారు మా ఆయన.

"అయితే ఏటి? మత్లబ్ పెళ్ళికొచ్చినోళ్ళు కచేరీకి రాకూడదా?"

ఆయన గబుక్కున నా వైపు తిరిగి రెండు చేతులూ తిప్పారు. వీడియోలో మేధావి చెప్పిందీ, అమ్మ చెబుతోందీ బిల్కుల్ ఒకటేనట. నేరుగా, వ్యక్తిగతంగా, ఒక్కొక్కరినీ. ఇంట్లో ఇంత మేధావిని పెట్టుకుని తను ఫోన్లో డేటా తగలేశానని తెగ బాధపడ్డారు.

అలా మేము రాయ్‌పూర్ పట్టణంలో కచేరీకి బొట్టు పెట్టి పిలవడానికి బయల్దేరాం. స్కూటీ నాది. వెనక అత్తయ్య, పట్టుచీర, చేతిలో కుంకుమభరిణ, ఒళ్ళో అక్షింతల స్టీలు డబ్బా. ఓవర్‌బ్రిడ్జి మీదికి ఎక్కేసరికి గాలికి భరిణ మూత ఊడింది. నా తెల్ల కుర్తా వీపంతా ఎర్రబడింది. కింద సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ పోలీసు నన్ను చూసి హడలిపోయి, దెబ్బ తగిలిందా మేడమ్ అని హిందీలో అడిగాడు. అత్తయ్య తొణక్కుండా, "ఆదివారం కచేరీ ఉంది బాబూ, నువ్వూ రావాల, తప్పకుండా రావాల," అని తెలుగులో చెప్పింది. పాపం, అతనికి బొట్టు ఒక్కటే తక్కువ.

దేవేంద్ర నగర్‌లో మా డాక్టరు దగ్గర పళ్ళు కట్టించుకున్న ఒక హిందీ ఆవిడ మా కూలర్ పాటను ఇష్టపడేది. అత్తయ్య ఆవిడ నుదుట బొట్టు పెట్టి, చేతిలో అక్షింతలు పోసింది. ఆవిడ సంతోషంగా, "షాదీ కిస్‌కీ హై, ఆంటీజీ?" అంది. పెళ్ళి ఎవరికీ కాదు, పాటలున్నాయి అని నేను చెప్పాను. ఆవిడ అర్థమైందన్నట్టు నవ్వి, నా చెయ్యి నొక్కి, ఆ రహస్యం తన దగ్గరే ఉంటుందంది. ఏ రహస్యమో నాకు తెలియలేదు.

ధర్సీవాలో ఇంకో చిక్కు వచ్చింది. మా ఆయన ఫ్యాక్టరీ వాళ్ళు కొందరు ఒక గది తీసుకుని ఉంటారు. అంతా పెళ్ళికానివాళ్ళు. మా పాటలు వినేవాడు వాళ్ళలో ఒక్కడే, మా తెలుగువాడే. మేం వెళ్ళేసరికి అతను డ్యూటీలో ఉన్నాడు, మిగిలినవాళ్ళు లోపల గడియపెట్టుకుని నిద్రపోతున్నారు. ఎంత కొట్టినా తలుపు తీయలేదు. ఇంట్లో మనిషి లేకపోతే తలుపుకే బొట్టు పెట్టి రావడం మా వైపు పద్ధతి. అత్తయ్య తలుపుకు నిండుగా పసుపూ కుంకుమా పెట్టి, గడప మీద అక్షింతలు చల్లి, తలుపుతోనే రెండుసార్లు తప్పకుండా రావాల అని చెప్పి వచ్చేసింది.

సాయంత్రం వాళ్ళు తలుపు తీసి చూశారు. పసుపు, కుంకుమ, బియ్యం. ఎవరో చేతబడి చేశారని గదంతా గగ్గోలు. ఒకడు అప్పటికప్పుడు సెలవు పెట్టి బస్తీలో ఉన్న వాళ్ళ అక్క ఇంటికి పారిపోయాడు. మిగిలినవాళ్ళు నిమ్మకాయలు కొన్నారు. డ్యూటీ నుంచి వచ్చిన మన తెలుగువాడు, ఇది మనవాళ్ళ ఆహ్వానంరా అని ఎంత మొత్తుకున్నా నమ్మకపోగా అతన్నే అనుమానించారట. శ్రోతతో నేరుగా సంబంధం పెట్టుకోవడం అంటే ఇదేనా అని నేను మా ఆయనను అడిగాను. ఆయన చేతులు తిప్పలేదు.

అయినా అత్తయ్య ఆగలేదు. మా రైల్వే కాలనీ లైన్లన్నీ తిరిగింది. "మా అబ్బాయీ కోడలూ కార్యక్రమం పెట్టుకున్నారు, రావాల," అనేది. నేను పక్కన నిలబడి పళ్ళికిలించేదాన్ని. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్ళు నా మొహం కంటే నా నడుము వైపే ఎక్కువ చూస్తున్నారు. ఒకావిడ నాకు కుర్చీ వేసి వెనక దిండు పెట్టింది. ఇంకొకావిడ స్కూటీ నడపకమ్మా అని మందలించింది. గాయని మీద ఇంత గౌరవం ఉందా అని నేను పొంగిపోయాను.

కచేరీ రోజు హాలు నిండింది. నిండటమంటే అలా ఇలా కాదు, అదనపు కుర్చీలు తెప్పించాం. ఆర్కెస్ట్రా ఆయన కూడా వచ్చి మూడో వరసలో కూర్చున్నాడు. మా ఆయన గిటారు శ్రుతి చేస్తూ నా వైపు చూసి కళ్ళెగరేశారు. నాకు సంతోషంతో కాళ్ళు నేల మీద నిలవలేదు.

అప్పుడు గమనించాను. ఆడవాళ్ళంతా పట్టుచీరల్లో ఉన్నారు. అందరి చేతుల్లో పళ్ళేలు, పూలు, ఆకుపచ్చ గాజులు. ఒక పెద్దావిడ తిన్నగా స్టేజీ ఎక్కి నా చెయ్యి పట్టుకుని గాజులు తొడగడం మొదలుపెట్టింది. వెనక వరస కట్టేశారు. చలివిడి ముద్ద ఒకటి నా నోట్లోకి వచ్చింది.

"ఏమండీ, ఇదేంటండీ?" అన్నాను చలివిడి మింగుతూ.

"దాచుకుంటే దాగుతుందేటి తల్లీ? దిష్టి తగులుద్దని మీ అత్తగారు కార్యక్రమం అంది గాని మాకు తెలీదా? కచేరీకెవులైనా బొట్టెడతారా?" అంది ఆవిడ.

నాకు సీమంతం! పెళ్ళయిన నాలుగేళ్ళకు, కడుపులో చలివిడి తప్ప ఇంకేమీ లేకుండా. అవమానంతో చెవులు కాలిపోయాయి. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక మా ఆయనను గుడ్లురిమి చూశాను, ఈ ఒక్క విషయంలో ఆయన తప్పేమీ లేకపోయినా. ఆయన మైకు తీసుకుని, శుభవార్త ఏదీ లేదని, ఉన్నవి పాటలేనని, అవి మా సొంత పాటలని ప్రకటించారు. ఆడవాళ్ళు పళ్ళేలు పట్టుకుని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ పెద్దావిడ మాత్రం ఇచ్చిన గాజులు వెనక్కి తీసుకోకుండా కిందికి దిగి కూర్చుని, "అయితే ఏటి, పాడండి. తాంబూలం ఇస్తారు గదా," అంది.

అక్కడే అత్తయ్య గొప్పతనం బయటపడింది. బొట్టు పెట్టి పిలిచాక తాంబూలం ఇవ్వకుండా పంపకూడదు, పిలుపుకు వచ్చినవాళ్ళు తాంబూలం పుచ్చుకోకుండా వెళ్ళకూడదు. అత్తయ్య తాంబూలం సంచులన్నీ పక్కన పెట్టుకుని గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆఖరి పాట అయ్యాకే సంచి. ఒక్కళ్ళూ కదలడానికి వీల్లేదు. ప్రతి సంచిలో జాకెట్టుముక్కా అరటిపండూ కాక, మా పాట వినడానికి ఫోన్‌తో స్కాన్ చేసే చిన్న కార్డు కూడా మా ఆయన వేశారు. మేధావి చెప్పింది పొల్లుపోకుండా జరుగుతోంది.

పాడాను. రెండు చేతుల నిండా గాజులు, మైకు పట్టుకున్నప్పుడల్లా గలగల. కూలర్ పాటకు నవ్వారు. సమోసా పాటకు మగవాళ్ళు కూడా నవ్వారు. ఆర్కెస్ట్రా ఆయన తల ఊపాడు. గెలిచేశాం అనుకున్నాను.

అంతలో ధర్సీవా వెళ్ళాల్సిన ఒక ముసలాయన లేచి, ఆఖరి బస్సు పోతుందమ్మా అని అత్తయ్యను బతిమాలాడు. అత్తయ్య మనసు వెన్న. ఒక్క సంచి ఇచ్చింది. అంతే. ఆ సంచి చేతులు మారడం హాలంతా చూసింది. పక్కావిడ లేచింది, పక్కావిడ పక్కావిడ లేచింది. నేను పాడుతుండగానే గుమ్మం దగ్గర పెద్ద వరస. అత్తయ్య ఎవరినీ కాదనలేక ఇస్తూనే ఉంది. కొందరు నాకు చెయ్యి ఊపి మరీ వెళ్ళారు. ఒకాయన కార్డు స్కాన్ చేసి, డబ్బులు పోలేదు, పాటొచ్చింది అని అందరికీ ధైర్యం చెబుతున్నాడు. ఆర్కెస్ట్రా ఆయన కూడా తన సంచి తీసుకుని, రేపు ఫోన్ చేస్తాను తమ్ముడూ అని స్టేజీ వైపు సైగ చేసి వెళ్ళిపోయాడు.

ఆ పాట అయ్యేసరికి ఎదురుగా అన్నీ కుర్చీలే. నాకు ఏడుపొచ్చేసింది. మామయ్య నిద్రలో ఉన్నారు కాబట్టి ఆయన్ను లెక్కలోకి తీసుకోలేం. మా ఆయన తలొంచుకుని, "ఆఖరిది కూడా పాడేద్దాం, పద," అన్నారు. అది రైలు నడిపే మనిషి డ్యూటీ దిగి వచ్చి నిద్రపోయే పాట.

"కూత తగ్గించుకో రైలూ, నిన్ను నడిపినోడే పడుకున్నాడు" అని ఎత్తుకున్నాను. ముక్కు కారుతూ పాడాను. చరణం అయింది, పాట ముగించాం.

"రెండోది పాడలేదేమండీ?" అని ఎక్కడి నుంచో వినిపించింది.

చూస్తే ఆఖరి వరసలో స్తంభం పక్కన ఒకావిడ కూర్చుని ఉంది. సాదా చీర, ఒళ్ళో సంచి లేదు. అత్తయ్య గబగబా ఆవిడ దగ్గరికి వెళ్ళింది.

"నువ్వు మా వెనక లైన్లో ఉంటావు గదా? తాంబూలం పుచ్చుకోలేదేటమ్మా?"

"నన్ను పిలవలేదు కదండీ. లైన్లో అందరికీ బొట్టు పెట్టి వెళ్ళారు. మా ఆయన పోయాక నాకెవరూ పెట్టరు. అది మామూలే, నేనేం అనుకోలేదు. పాట కోసం వచ్చాను. ఆయనా ఇంజను మీదే పనిచేశారు. ఫోన్లో ఉన్న పాటలో రెండో చరణం ఉంది. ఇక్కడ వదిలేశారు."

అత్తయ్య తల దించుకుంది. పుట్టి బుద్ధెరిగాక అది మొదటిసారి అయి ఉంటుంది.

రెండో చరణం మేము ఎప్పుడో తీసేశాం. పాట పొడుగైతే జనం పారిపోతారని అప్పట్లో ఎవరో ఇంకో మేధావి చెప్పాడు. తీసేసి ఎన్నాళ్ళయిందంటే, ఇప్పుడు ఎంత తలగోక్కున్నా నాకూ గుర్తు రాలేదు, ఆయనకూ గుర్తు రాలేదు. సొంత పాట మర్చిపోయి ఇద్దరం బిక్కమొహాలు వేసుకుని నిలబడ్డాం. ఆవిడ కూర్చున్నచోటి నుంచే మెల్లగా పాడింది.

"క్యారేజీ మూతైనా తీయలేదు, అడిగితే తిన్నానన్నాడు
లేచాక తిడతాలే రైలూ, ఇప్పుడైతే పడుకోనీ"

మా ఆయన చేతులు వాటంతటవే గిటారు మీదికి వెళ్ళాయి. నేను గొంతు కలపబోయాను. అత్తయ్య వెనక్కి తిరిగి, "నువ్వూరుకోవే, గాజులు సప్పుడవుతున్నాయి. ఆవిడ్ని పాడనీ," అని కసిరింది. ఊరుకున్నాను. ఆవిడ ఎక్కడా ఒక్క మాట తప్పలేదు. కళ్ళు తుడుచుకోనూ లేదు. పాట మధ్యలో గొంతు ఆగినప్పుడు మా ఆయన వాయిస్తూ ఆగారు, మళ్ళీ ఎత్తుకున్నప్పుడు కలిశారు. అంత బాగా వాయించడం నేను అంతకుముందు వినలేదు.

అప్పటికి తాంబూలాలన్నీ అయిపోయాయి. అత్తయ్య తన కొప్పులోని పూలు తీసి ఆవిడ చేతిలో పెట్టి, వచ్చే కచేరీకి మీ ఇల్లే ముందు అంది. ఆవిడ వద్దనలేదు.

మర్నాడు పొద్దున్నే ఆర్కెస్ట్రా ఆయన ఫోన్ చేశాడు. నేను వంటింట్లో స్టవ్వు ఆపి వింటున్నాను. మా ఆయన రాలేనని చెప్పారు. అటువైపు నుంచి ఆయన ఏమన్నాడో గాని, హాలు ఖాళీ అయిపోవడం కళ్ళారా చూశానయ్యా, ఇంక మీ పాటలకి ఎవరున్నారు అని ఉంటాడు.

"ఉన్నారండీ, ఒకావిడ," అన్నారు మా ఆయన.